లాయం గోడకు ఓ కన్నం

ఓడ దిగిన గుర్రాలు చేసిన మొదటి పని మంచులో పొర్లడం. వీపు నేలకానించి, నాలుగు కాళ్లూ పైకెత్తి, ఈ పక్కకీ ఆ పక్కకీ తనివితీరా పొర్లాయి. ఐదు వారాలకు పైగా అవి నిలువుకాళ్ల మీదే ఉన్నాయి మరి. ఓడలో ఒక్కోదానికి ఒళ్లు తిరగనంత ఇరుకు అర. అందులో పడుకునే చోటే లేదు.

1911 జనవరి మొదటి వారం అది. అంటార్కిటికాలోని రాస్ దీవి, ఎరెబస్ అగ్నిపర్వతం పాదాల దగ్గర కేప్ ఎవాన్స్ అనే నల్లరాతి తీరం. దక్షిణ ధ్రువాన్ని ముందుగా అందుకోవాలని కెప్టెన్ రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ తన దళంతో అక్కడ దిగాడు. న్యూజీలాండ్‌లో ‘టెర్రా నోవా’ ఓడ ఎక్కినవి 19 గుర్రాలు. తీరం చేరినవి 17. డిసెంబరు మొదట్లో వచ్చిన తుపానులో రెండు చచ్చిపోయాయి. ఆ రాత్రంతా ఓడ ముందు భాగంలో ఇద్దరు మనుషులు నీళ్లలో తడుస్తూ, జారిపడ్డ గుర్రాన్నల్లా భుజం పట్టి లేపుతూనే ఉన్నారు. ఒకరు ఓడ డాక్టర్లలో ఒకడైన అట్కిన్‌సన్. రెండోవాడు కెప్టెన్ లారెన్స్ ఓట్స్.

స్కాట్ ధ్రువయాత్ర గురించి పుస్తకాలు అరలకొద్దీ వచ్చాయి. అందులో గుర్రాలకు దక్కేది సాధారణంగా రెండు పేజీలు: తెచ్చారు, చంపారు. మధ్యలో ఒక చలికాలం ఉంది. ఆరుబయట చలికి అలవాటుపడిన గుర్రాల్ని నెలల తరబడి సూర్యుడే కనిపించని చోట, నాలుగు గోడల మధ్య బతికించుకున్న చలికాలం. ఈ కథ దాని గురించి.

ఓట్స్ సైనికుడు. ఇన్నిస్కిల్లింగ్ డ్రాగూన్స్ అనే అశ్వికదళంలో కెప్టెన్. బోయర్ యుద్ధంలో తొడకు తూటా తగిలి బతికి బయటపడ్డవాడు. స్కాట్ దళంలో చేరతానని అర్జీ పెట్టుకున్నప్పుడు ఉద్యోగం మన దేశంలోనే, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌ కంటోన్మెంటులో. యాత్ర ఖర్చుకు సొంత డబ్బు వెయ్యి పౌండ్లు ఇచ్చి మరీ చేరాడు. అతనికి అప్పగించిన పని ఒక్కటే, గుర్రాలు. అయితే ఆ గుర్రాల్ని ఎంపిక చేసింది మాత్రం అతను కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

గుర్రాల్ని కొన్నది సెసిల్ మీర్స్. కుక్కల బండ్లు నడపడంలో ఆరితేరినవాడే కానీ గుర్రాల సంగతి అంతగా తెలిసినవాడు కాదు. మంచూరియాలో బేరమాడి కొని, వ్లాడివోస్టోక్ రేవు నుంచి జపాన్ మీదుగా న్యూజీలాండ్‌కు చేర్చాడు. స్కాట్ పెట్టిన షరతు ఒకటుంది: తెల్లవైనా, లేత రంగువైనా కావాలి. అంతకు మూడేళ్ల ముందు షాకిల్టన్ అనే మరో అన్వేషకుడి అంటార్కిటికా యాత్రలో ముదురు రంగు గుర్రాలు ముందు పోయి, తెల్లవి ఎక్కువ కాలం నిలిచాయట. రంగు చూసి గుర్రాన్ని కొనడం ఎంత తెలివైన పనో సంతలో ఎద్దును కొన్న ఏ రైతునడిగినా చెబుతాడు. న్యూజీలాండ్‌లో వాటిని మొదటిసారి చూసిన ఓట్స్‌కు గుండె జారింది. ఒకటి ముసలిది. ఇంకోదానికి ఛాతీ ఇరుకు, మోకాళ్లు ఒరుసుకుంటాయి, కళ్లు జబ్బువి. కొన్నింటికి కొయ్య అంచు కరిచిపట్టి గాలి మింగే జాడ్యం. కట్టుకొయ్య దగ్గర ఎక్కువ కాలం పనిలేకుండా నిలబడిన గుర్రానికి పట్టుకునే అలవాటది.

వాటితోపాటు వచ్చిన సాయీసు పేరు అంతోన్ ఒమెల్‌చెంకో. ఉక్రెయిన్ పల్లెటూరివాడు. ఒకప్పుడు పందేల్లో గుర్రాలు తోలిన పొట్టి మనిషి. అతని ఇంగ్లిషు అంతంతమాత్రం, ఓట్స్‌కు రష్యన్ రాదు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైనా లాయంలో పని ఆగలేదు.

చలి ఈ గుర్రాలకు కొత్త కాదు. మంచూరియాలోనూ చలికాలంలో మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ తాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి చలికాలపు బొచ్చు నిండుగా పెరిగితే మైనస్ 10, 15 డిగ్రీల దాకా అదనపు మేత అక్కర లేకుండానే ఓర్చుకుంటుందని ఇప్పటి పశువైద్యులు చెబుతారు. ముతక గడ్డి దాని పెద్దపేగుల్లో పులుస్తున్నంతసేపూ ఒంట్లో పొయ్యి రగులుతున్నట్టే. ఓర్చుకోలేనిది గాలిని. గాలి బొచ్చును చీల్చి, చర్మానికీ బొచ్చుకూ మధ్య నిలిచిన వెచ్చటి పొరను ఎగరగొడుతుంది. తడిసిన బొచ్చుదీ అదే గతి. మరో తంటా కూడా ఉంది. గుర్రానికి బొచ్చు పెరిగేదీ రాలేదీ పగటి పొడుగును బట్టి. భూగోళం పై సగంలో పుట్టిన వాటిని కింది సగానికి తెస్తే, వాటి ఒంటి లెక్కల ప్రకారం చలికాలం రావాల్సిన నెలల్లో రాత్రే లేని వేసవి ఎదురైంది. ఆ లెక్క తారుమారయ్యాక మంచు తుపానులు మొదలయ్యాయి.

ఆ సంగతి ఫిబ్రవరిలోనే తేలింది. చలికాలం రాకముందే ముందుదారిలో సామాను దాచి రావడానికి ఎనిమిది గుర్రాల్ని తీసుకుని మంచు మైదానం మీదికి వెళ్లారు. తుపాను లేచినప్పుడల్లా మంచుదిమ్మలు కోసి ఒక్కో గుర్రానికి గాలివైపు అడ్డుగోడ కట్టారు. అవి గోడకు తోక తిప్పి, తల వంచి, రోజుల తరబడి నిలబడ్డాయి. తుపాను తగ్గి చూస్తే ఎముకలు తేలి ఉన్నాయి. కొన్ని నీరసించి పోయాయి. తిరుగుదారిలో కాళ్లకింద సముద్రపు మంచు పగిలి మూడు పోయాయి. ఎనిమిదిలో మిగిలినవి రెండే రెండు, నోబీ, జిమ్మీ పిగ్. కేప్ ఎవాన్స్‌లో ఉండిపోయిన తొమ్మిదిలోనూ ఒకటి కారణం చెప్పకుండా చిక్కి చిక్కి చచ్చింది.

అలా మే నెలకు లెక్క పదికి దిగింది. బోన్స్, విక్టర్, స్నాచర్, స్నిపెట్స్, మైకేల్, జెహూ, చైనామన్, క్రిస్టఫర్, నోబీ, జిమ్మీ పిగ్. వీటిలో ఒక్కటి తగ్గినా ధ్రువం మాట మరిచిపోవాల్సిందేనని స్కాట్ భయం.

లాయాన్ని మనుషులుండే గుడిసె ఉత్తరపు గోడకు ఆనించి, పంచ దింపినట్టు దించారు. అక్కడ పెనుగాలులు వచ్చేది దక్షిణం దిక్కునుంచి. కాబట్టి గుడిసే లాయానికి అడ్డుగోడ. మిగతా వైపుల్లో ఒత్తికట్టిన మేత మూటలు, బొగ్గు ఇటుకలు పేర్చారు. పైన వాసాలు, కప్పు. లోపల వరసగా అరలు, గోడకు వేలాడే కళ్లేలు, తాళ్లు. చివర్న ఒక పొయ్యి. సీల్ కొవ్వుతో మండే ఆ పొయ్యిని ఓట్స్, మీర్స్ కలిసి అమర్చుకున్నారు. దాని మీద తవుడు ఉడికేది, మంచు కరిగేది. పనయ్యాక ఆ ఇద్దరూ పైపు వెలిగించి గంటలకొద్దీ అక్కడే కూర్చునేవారు. గుడిసెలో పాతికమంది మధ్య కంటే ఓట్స్‌కు గుర్రాల మధ్యే హాయిగా ఉండేదని తోటివాళ్లందరూ గమనించారు.

ఏప్రిల్ చివర్లో సూర్యుడు వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించేది ఆగస్టు చివరికి. బయట మైనస్ 30 దాకా పడిపోతోంది. లోపల పొయ్యి రగులుతోంది, పది ఒళ్ల వేడి, పది ముక్కుల ఆవిరి. ఇంతకంటే సుఖం ఏం కావాలి అనిపిస్తుంది. మనమైనా అంతే కదా, సంక్రాంతి చలికి తలుపులూ కిటికీలూ బిగించి, కంబళి నిండా కప్పుకుని, తెల్లారి తలనొప్పితో లేస్తాం.

గుర్రం సంగతి ఇంకా సున్నితం. ఆరుబయట ఉన్నప్పుడు అది రోజులో పదహారు గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూ, మేస్తూ నడుస్తూ ఉంటుంది. దాని పొట్ట చిన్నది, పేగులు మహా పొడవు. ఆ పేగుల్లో మేత ముందుకు కదలాలంటే కాళ్లు కదలాలి, నీళ్లు పడాలి. కట్టేసిన గుర్రానికి రెండూ తగ్గుతాయి. పచ్చిక పోయి ఎండుమేత వస్తుంది, దాంతో కావలసిన నీళ్లు పెరుగుతాయి. ఎండుమేత మేసే గుర్రానికి వంద కిలోల బరువుకు రోజుకు ఐదు లీటర్ల చొప్పున నీళ్లు కావాలి. చలికి నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటే అది తాగడం మానేస్తుంది. ఇక మూసిన గదిలో మూత్రం నుంచి లేచే ఘాటు, ఎండుగడ్డి దుమ్ము, బూజు కలిసి ఊపిరితిత్తుల మీద పడతాయి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో చేరిన చెరుపు ఏదైనా ముందుకే పోవాలి. దారి మూసుకుపోతే శూల. ఇప్పటికీ లాయాల్లో గుర్రాల ప్రాణం తీసే జబ్బుల్లో ముందువరసలో ఉండేది అదే.

ఓట్స్‌కు ఇందులో చాలా తెలుసు. మేలో గుడిసెలో అందరినీ కూర్చోబెట్టి గుర్రాల పోషణ మీద ప్రసంగించాడు కూడా. అతని మేత పద్ధతిని స్కాట్ డైరీలో పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. పొద్దున నలగ్గొట్టిన పొట్టుగడ్డి. మధ్యాహ్నం షికారు నుంచి రాగానే మంచు, పొట్టుగడ్డి, దానితో ఒకరోజు ఓట్ ధాన్యం, ఒకరోజు నూనె తీయగా మిగిలిన చెక్క. సాయంత్రం ఐదింటికి మళ్లీ మంచు, వేడి తవుడు జావ, అందులో చెక్కో ఉడికించిన ఓట్ ధాన్యమో, చివర్న కొంచెం ఎండుగడ్డి. ఈ మెత్తటి వేడి తిండి ఒళ్లు పట్టడానికే, పనికి కాదని అతని లెక్క. అక్టోబరు రాగానే వేడి మానేసి చల్లటి గట్టిమేతకు మార్చి, నడిపించే గంటలు పెంచుతానన్నాడు. మేత మార్పు ఒక్క పూటలో చెయ్యకూడదని, వారం పది రోజుల మీద పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలని ఇప్పటి పుస్తకాలు చెబుతాయి.

పై వరసలో ఒక మాట గమనించండి. గుర్రాలకు దాహానికి ఇస్తున్నది మంచు, నీళ్లు కాదు. పొడిమంచు పది బక్కెట్లు కరిగిస్తే వచ్చేది సుమారు ఒక బక్కెట్టు నీళ్లు. అదీ గుర్రం నోటి వేడితో కరగాలి. కొవ్వు పొయ్యి మీద నీళ్లు కాయడం అంత తేలిక కాదు కనుక ఎవరికీ తప్పుగా తోచలేదు.

రోజూ నడక తప్పనిసరి. పది గుర్రాలకూ తలా ఒక మనిషి. గట్టిపడిన సముద్రం మీద, వెన్నెల ఉంటే వెన్నెల్లో, లేకుంటే చీకట్లోనే తిప్పుకొచ్చేవారు. కొన్ని రోజులు కట్టేసి ఉంచితే చాలు, బయటికి రాగానే తల ఎగరేసి, వెనక్కాళ్లతో తన్ని, తాడు తెంచుకుని చీకట్లోకి పరుగెత్తేవి. క్రిస్టఫర్ సంగతి వేరే చెప్పాలి. దాన్ని ఓట్స్ తన వంతుకు తీసుకున్నాడు, ఇంకెవరి వల్లా కాదు కాబట్టి. తర్వాత బండి కట్టే రోజుల్లో దాన్ని ముగ్గురు నలుగురు పట్టి కింద పడేస్తేనే పని జరిగేది. ఒకసారి కదిలాక మళ్లీ ఆపితే కట్టడం కుదరదని, భోజనానికి కూడా ఆగకుండా నడిచేవారు. స్నిపెట్స్ మరో రకం. సీల్ కొవ్వు కనబడితే వదలకుండా తినేది. లోకంలో కొవ్వు తినే గుర్రం అంటే అదొక్కదాని గురించే విన్నాను. రాత్రిళ్లు పనిలేక అరల చెక్కల్ని తన్నే చప్పుడు గోడకు ఇవతల పడుకున్న మనుషులకు వినబడేది. తన్నులు వినబడుతున్నాయంటే గుర్రాలు బాగున్నాయనే అర్థం.

జులై 13, గురువారం. మధ్యాహ్నం బోన్స్ మేత ముట్టలేదు.

పదింటిలో బలమైనవాటిలో ఒకటది. ఓట్స్ చూసి స్కాట్‌తో చెప్పాడు. ఇద్దరూ పెద్దగా కంగారు పడలేదు. అంతకుముందు జిమ్మీ పిగ్‌కు ఇలాంటి కడుపునొప్పే వచ్చి తొందరగానే తగ్గింది. ఆ ధైర్యంతోనే బోన్స్‌ను మామూలుగా నడకకు పంపారు. వెంట టామ్ క్రీన్, కొండలాంటి ఐరిష్ నావికుడు. దారిలో స్కాట్ రెండుసార్లు ఎదురయ్యాడు. చీకట్లో అంతా సవ్యంగానే ఉన్నట్టు తోచింది. క్రీన్ పడుతున్న పాట్లు తర్వాత తెలిశాయి. కొద్ది నిమిషాలకోసారి నొప్పి తెరలా వస్తోంది. వచ్చినప్పుడల్లా బోన్స్ దాన్నుంచి పారిపోదామన్నట్టు ముందుకు దూకుతోంది, వెంటనే మోకాళ్లు ముడిచి పడుకోబోతోంది. అంత బలమైన జంతువును పడుకోనివ్వకుండా, తాడు వదలకుండా నిలబెట్టి నడిపించాడతను. శూల పట్టిన గుర్రం పడి దొర్లితే పేగు మెలిపడుతుందని గుర్రాలవాళ్లందరికీ ఉండే భయం అది.

లాయానికి తెచ్చేసరికి నొప్పి ముదిరింది. ఓట్స్, అంతోన్ ఒక గోనెసంచి తీసుకుని బోన్స్ పొట్ట కిందుగా దూర్చారు. చెరో కొసా పట్టుకుని, కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగుతూ పొట్టను రాపాడించారు. ఎంతసేపు లాగారో. మధ్యమధ్యలో అది పడుకోబోతుంది, లేపుతారు, మళ్లీ లాగుతారు. చివరికి ఇక పడుకోనివ్వడమే నయమని ఓట్స్ నిర్ణయించుకున్నాడు. పడుకుంది. తల మెల్లగా వాలిపోయి, నేల మీద బారుగా చాచుకుంది. నొప్పి తెర వచ్చినప్పుడు ఒళ్లంతా అదురుతోంది. భరించలేనప్పుడు తల ఎత్తి, తడబడుతూ లేచి, మళ్లీ కూలబడుతోంది.

బోన్స్ అరవడం లేదు. కుక్కలా మూలగడం లేదు, ఎద్దులా రంకె వెయ్యడం లేదు. తల తిప్పి మనుషుల వంక చూస్తోంది, అంతే. స్కాట్‌ను ఆ రాత్రి కదిలించింది ఆ చూపే అని అతని డైరీ చదివితే తెలుస్తుంది.

పశువైద్యుడు దళంలో లేడు. ఓట్స్ నల్లమందు మాత్ర ఒకటి మింగించాడు. కొంతసేపయ్యాక రెండోది. పొయ్యి దగ్గర గోనెసంచులు వేడిచేసి తెచ్చి ఒంటిమీద కప్పారు, చల్లారగానే మార్చారు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. ఓట్స్, క్రీన్ అక్కణ్నుంచి లేవలేదు. స్కాట్ గుడిసెలోకి వెళ్లడం, నిలవలేక మళ్లీ లాయానికి రావడం. వచ్చిన ప్రతిసారీ ఒకటే సమాధానం, మార్పు లేదని. అర్ధరాత్రికి పన్నెండు గంటలైంది నొప్పి మొదలై. ఇక ఇది దక్కదనే అనుకున్నాడు.

అర్ధరాత్రి దాటాక కాస్త తేలికపడ్డట్టుందని కబురొచ్చింది. రెండున్నరకు స్కాట్ మళ్లీ వెళ్లి చూశాడు. బోన్స్ ఇంకా పక్కకు పడుకునే ఉంది. అదుర్లు మాత్రం ఆగాయి. కంట్లో ఆ బెదురు తగ్గింది. ఎక్కడో చప్పుడైతే చెవులు నిక్కాయి. అతను చూస్తుండగానే ఒక్కసారి తల ఎత్తి, ఏ ప్రయాసా లేకుండా లేచి నాలుగు కాళ్ల మీద నిలబడింది. పీడకల తీరి మెలకువ వచ్చినట్టు ఎండుగడ్డిని మూతితో కెలికింది, పక్క అరలోని గుర్రాన్ని మూతితో పొడిచింది. మూడు నిమిషాల్లో బక్కెట్టు నీళ్లు ఖాళీ చేసి మేత మొదలుపెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం లద్దెలో అసలు దొంగ దొరికింది. సగం పులిసిన ఎండుగడ్డి ముద్ద, పైన జిగురు పూత, లోపల బద్దె పురుగులు. ముద్దకు అంటుకుని పేగు లోపలి పొర ముక్క ఒకటి ఊడి వచ్చింది. పురుగుల విద్యలో నిపుణుడైన అట్కిన్‌సన్ దాన్ని పరీక్షించి, వారం పది రోజులు జాగ్రత్తగా మేపితే ప్రమాదం ఉండకపోవచ్చన్నాడు.

ఎందుకొచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. పులిసిన గడ్డి, చాలని నీళ్లు, మితిమీరిన వేడి, తుపాను ఆగాక బయట తిప్పినప్పుడు తగిలిన చలి. ఒక్కదాని మీదే తప్పు మోపకుండా నాలుగింటినీ లెక్కలోకి తీసుకున్నారు. అయితే స్కాట్ కంటికి ఒక సంగతి ఆనింది. ఇప్పటిదాకా కడుపునొప్పి వచ్చింది రెండింటికే, జిమ్మీ పిగ్‌కూ బోన్స్‌కూ. ఆ రెండూ కట్టి ఉన్నది లాయంలో పొయ్యి ఉన్న చివర. ఇది కాకతాళీయం కాదనుకున్నాడు.

నాకు ఈ కథలో నచ్చేది ఇక్కడే. ప్రేమతో వెలిగించిన పొయ్యి అది. బయట మంచు తుపాను అరుస్తుంటే లోపల నోరులేని జీవాలకు వెచ్చగా ఉండాలన్న తాపత్రయం. ఆ వెచ్చదనాన్నే అనుమానించడానికి పెద్ద మనసు కావాలి, ముఖ్యంగా దాని పక్కన కూర్చుని పైపు కాల్చుకునే అలవాటున్నప్పుడు.

ఆ రోజు నుంచి మూడు మార్పులు. పొయ్యి అవసరానికి మించి వెలిగించరాదు. పొయ్యి దగ్గర గోడకు గాలి ఆడేలా పెద్ద కన్నం పెట్టాలి. మంచుతోపాటు నీళ్లు కూడా ఇవ్వాలి. మూడింటిలో ఒక్కటైనా చలి తగ్గించేది కాదు, కన్నమైతే చలిని లోపలికి రానిచ్చేదే. నేటి పశువైద్యుడు ఈ లాయం చూసి ఉన్నా మొదట చెప్పేది అదే. లాయం లోపలి వేడి బయటి వేడికి మరీ దూరం కాకూడదు. గాలి గుర్రం వీపు మీదుగా కాక తల పైనుంచి ఆడిపోవాలి. వేడి లోపల చెమట పట్టిన గుర్రాన్ని చలిలోకి లాగడం కంటే, చల్లటి పొడి లాయంలో ఉన్నదాన్ని లాగడం మేలు. గడ్డిని తడిపి వేస్తే దుమ్ము చావడమే కాదు, కొంత నీరూ లోపలికి పోతుంది. ఎండాకాలమంతా బయట తిరిగిన గుర్రాన్ని లాయానికి మార్చాలంటే మొదట కొన్ని గంటలు, తర్వాత రాత్రుళ్లు, అలా మెల్లగా తేవాలి. పక్కన ఇంకో గుర్రం కనబడాలి. బోన్స్ లేవగానే మేత తర్వాత వెతికింది పక్కదాన్నే కదా.

షాకిల్టన్‌కు ఈ అదృష్టం దక్కలేదు. 1908లో, ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని కేప్ రాయిడ్స్‌లో, అతను దించిన గుర్రాల్లో నాలుగు త్వరలోనే చనిపోయాయి. సముద్రపు జల్లుతో ఉప్పెక్కిన అగ్నిపర్వతపు ఇసుకను ఉప్పు రుచికి మేయడమే ముఖ్య కారణం. ఆరుబయట కట్టిన కొయ్య చుట్టూ ఏముందో చూసుకోకపోతే బయలు కూడా చంపుతుంది.

ఆగస్టు చివర సూర్యుడు మళ్లీ కనిపించాడు. పది గుర్రాలూ ఉన్నాయి. 1911 నవంబరు 1న ధ్రువం దారి పట్టినప్పుడూ పదీ ఉన్నాయి. వాటిలో జెహూ, చైనామన్ ముసలివి, నడవగలవో లేదో అన్నట్టే బయల్దేరాయి. అవి కూడా అనుకున్నదానికంటే దూరం నడిచాయి. దారిలో ఒక్కొక్కదాన్ని కాల్చి, మాంసం మనుషులకూ కుక్కలకూ దాచారు. అనుకున్న పథకమే అది. చివరి ఐదింటిని డిసెంబరు 9న బియర్డ్‌మోర్ హిమానీనదం అడుగున కాల్చేశారు. వాటిలో బోన్స్ ఒకటి. మరో ఐదు రోజులకు, డిసెంబరు 14న, కుక్కల బండ్లతో వెళ్లిన నార్వే వీరుడు అముండ్‌సెన్ ధ్రువం చేరుకున్నాడు. స్కాట్, ఓట్స్, మరి ముగ్గురు బండ్లను తామే లాక్కుంటూ 1912 జనవరి 17న చేరారు. తిరుగుదారిలో ఐదుగురూ చనిపోయారు. తన వల్ల మిగతావాళ్లు ఆలస్యమవుతున్నారని మార్చి నడిమిలో, తన 32వ పుట్టినరోజు ప్రాంతంలో, ఓట్స్ డేరా దాటి మంచు తుపానులోకి నడిచి వెళ్లిపోయాడు.

గుర్రాల్ని అక్కడికి తీసుకెళ్లడమే తప్పని వాదించేవాళ్లతో నాకు పేచీ లేదు. మంచులో గిట్టలు దిగబడే జంతువు, చెమట పట్టి ఒంటిమీదే గడ్డకట్టే జంతువు, మేతంతా వెంట మోసుకుపోవాల్సిన జంతువు ధ్రువానికి పనికిరాదు. కానీ ఆ లెక్కలో లాయాన్ని కలపకూడదు. రంగు చూసి కొన్న గుర్రాలు, చాలని నీళ్లు, నాలుగు నెలల చీకటి. వాటితో ఆ చలికాలం ఒక్కటి కూడా పోకుండా దాటించింది ఓట్స్, అంతోన్, ఒక కన్నం.

ఇంకో చిన్న సంగతి, మనకు సంబంధించింది. రెండో ఏడాదికి గుర్రాలు వద్దు, హిమాలయాల్లో పనిచేసిన కంచరగాడిదలైతే మేలని ఓట్స్ సలహా. స్కాట్ కోరిక మీద భారత ప్రభుత్వం ఏడింటిని తర్ఫీదు ఇప్పించి పంపింది. లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహిబ్. 1912 మొదట్లో అవి ఓడ దిగేనాటికి ఓట్స్ ధ్రువం నుంచి వెనక్కి నడుస్తున్నాడు, వాటిని చూడలేదు. ఆ చలికాలమంతా అవి కేప్ ఎవాన్స్ లాయంలోనే గడిపాయి. అక్టోబరు చివర స్కాట్ దళాన్ని వెతకడానికి మనుషులు బయల్దేరినప్పుడు ఏడింటికి ఏడూ వెంట నడిచాయి. నవంబరు 12న వాళ్లకు స్కాట్ డేరా కనిపించింది. ఇంకా ముందుకు వెళ్లి వెతికితే ఓట్స్ పడుకునే సంచి దొరికింది. అతను దొరకలేదు.